సైనికుల ఆత్మహత్యలపై విచారణ: రెండు శతాబ్దాల చరిత్ర

యుద్ధంలో నేలకొరిగిన సైనికుడి పేరు స్మారక స్తంభం మీదికి ఎక్కుతుంది, జ్వరంతో చనిపోయినవాడి పేరు ఆసుపత్రి రిజిస్టరులో చేరుతుంది. తన ప్రాణాన్ని తానే తీసుకున్నవాడి మరణాన్ని ఏ పద్దులో రాయాలో, దానికి ఎవరు జవాబు చెప్పాలో మాత్రం సైన్యాలకు చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. క్రమశిక్షణే పునాదిగా నడిచే వ్యవస్థకు ఆత్మహత్య ఒకవైపు నేరంగా, మరోవైపు జబ్బుగా, ఇంకోవైపు పటాలం పరువుకు మచ్చగా కనిపించడంతో, దాని మీద విచారణ కూడా పై అధికారి నుంచి వైద్యుడికి, వైద్యుడి నుంచి గణాంక శాస్త్రవేత్తకు, అక్కడి నుంచి మనస్తత్వవేత్తకు, చివరకు పౌర న్యాయమూర్తికి చేతులు మారుతూ వచ్చింది. ఈ రెండు శతాబ్దాల చరిత్రలో రెండు విషయాలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. అందరూ ముందుగానే నమ్మిన కారణం లెక్కల ముందు చాలాసార్లు నిలవలేదు. విచారణ జరిపేది ఎవరు, వారికి అప్పగించిన ప్రశ్న ఏమిటి అన్నదాన్ని బట్టి జవాబు కూడా మారింది.

లెక్కల పుట్టుక

సైనిక మరణాల మీద క్రమబద్ధమైన గణాంకాలు పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో మొదలయ్యాయి. బ్రిటిష్ సైన్య వైద్యుడు హెన్రీ మార్షల్, సైనికాధికారి అలెగ్జాండర్ టల్లాక్ కలిసి వెస్టిండీస్‌లోని దళాల అనారోగ్యం, మరణాల మీద తయారుచేసిన నివేదిక 1838లో వెలువడింది. క్రిమియా యుద్ధంలో తూటాల కన్నా రోగాలే ఎక్కువమందిని బలితీసుకున్నాయని తేలాక, ఫ్లారెన్స్ నైటింగేల్ పట్టుదలతో 1857లో ఏర్పడిన రాయల్ కమిషన్ సిఫార్సుల ఫలితంగా, 1859వ సంవత్సరం మొదలుకొని బ్రిటిష్ సైన్య వైద్య విభాగం ఏటా గణాంక నివేదికలను ప్రచురించసాగింది. ఏ స్థావరంలో ఎంతమంది సేవకు పనికిరాకుండా పోతున్నారో ప్రభుత్వానికి తెలపడమే ఈ నివేదికల ఉద్దేశమైనా, మరణాలను కారణాల వారీగా విడదీసి చూపే అలవాటు ఏర్పడడంతో ఆత్మహత్యలను కూడా విడిగా లెక్కించడం సాధ్యమయింది.

పరిశోధకులకు సైన్యం విలువైన క్షేత్రం కావడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. మరణాల సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు; ఎంతమందిలో అన్ని మరణాలు సంభవించాయో తెలిస్తేనే రేటు కట్టగలం. పౌర సమాజంలో జనాభాను పదేళ్ళకొకసారి లెక్కిస్తారు గానీ, సైన్యానికి తన బలగం ఎంతో, ఎవరి వయసెంతో, ఎవరు ఎన్నేళ్ళుగా సేవలో ఉన్నారో హాజరు పట్టీల ద్వారా నిత్యం తెలుస్తూనే ఉంటుంది. అయితే ఈ సౌకర్యంలోనే ఒక చిక్కు కూడా ఉంది: ఇంట్లో జరిగిన ఆత్మహత్యను కుటుంబం పరువు కోసం కప్పిపుచ్చగలదు, బ్యారక్‌లో జరిగినదాన్ని దాచడం కష్టం, కాబట్టి సైనికుల రేటును పౌరుల రేటుతో పోల్చినప్పుడు కనిపించే తేడాలో కొంత భాగం నమోదులోని తేడా కూడా కావచ్చు.

డర్క్‌హైమ్ తిరగవేసిన వాదనలు

ఈ గణాంకాలను ఒక సిద్ధాంతానికి ఆధారంగా మలచినవాడు ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్. ఆత్మహత్య మీద 1897లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఐరోపా దేశాల, అమెరికా సైనిక పట్టికలను అదే వయసు పౌరుల పట్టికల పక్కన పెట్టి చూపాడు. ఆ లెక్క ప్రకారం ఆస్ట్రియాలో ప్రతి పది లక్షల మంది సైనికులకు ఏడాదికి 1,253 ఆత్మహత్యలు జరిగితే అదే వయసు పౌరుల్లో 122 మాత్రమే జరిగాయి. ఇటలీలో ఆ అంకెలు 407, 77 కాగా, ఇంగ్లండులో 209, 79, ఫ్రాన్సులో 333, 265. దేశాన్ని బట్టి తేడా పదిరెట్ల నుంచి పావు వంతు దాకా మారినా, ప్రతిచోటా సైనికుల రేటే ఎక్కువగా ఉంది.

దీనికి ఆనాటి వైద్యులు, అధికారులు చెప్పే కారణాలు మూడు: సైనికులు పెళ్ళికానివారు కావడం, తాగుడు, నిర్బంధ సేవ మీద విసుగు. పెళ్ళికాని పౌరులతో పోల్చినా సైనికుల రేటే ఎక్కువని, తాగుడు వ్యాపించిన తీరుకూ ఆత్మహత్యలు వ్యాపించిన తీరుకూ పొంతన లేదని డర్క్‌హైమ్ చూపాడు. మూడో వాదనను ఆయన మరింత ఆసక్తికరంగా ఖండించాడు. విసుగే కారణమైతే కొత్తగా చేరినవారిలో రేటు ఎక్కువగా ఉండి, అలవాటు పడేకొద్దీ తగ్గాలి. కానీ సేవాకాలం పెరిగేకొద్దీ రేటు పెరుగుతోందని, నిర్బంధంగా వచ్చినవారి కన్నా గడువు ముగిశాక ఇష్టపడి మళ్ళీ చేరినవారిలో, సాధారణ సిపాయిల కన్నా హవల్దారు స్థాయి అధికారుల్లో అది అధికమని పట్టికలు చెప్పాయి. వ్యక్తి తన ప్రాణానికి విలువ ఇవ్వడం మానేసేంతగా సమూహంలో లీనమైపోవడమే దీనికి మూలమని తీర్మానించి, ఆయన ఈ రకానికి పరార్థ ఆత్మహత్య అని పేరు పెట్టాడు.

ఈ సిద్ధాంతాన్ని నేటి పరిశోధకులు యథాతథంగా అంగీకరించరు. దేశాల సగటుల నుంచి వ్యక్తి మనసు గురించి నిర్ధారణ చేయడం ప్రమాదకరమని, మానసిక వ్యాధుల పాత్రను ఆయన తక్కువగా అంచనా వేశాడని విమర్శలున్నాయి. అయినప్పటికీ ఆయన చేసిన ఒక మార్పు నిలిచిపోయింది: చనిపోయిన సైనికుడిలోని లోపం ఏమిటని వెతకడానికి బదులు, ఈ సంస్థలోని ఏ పరిస్థితుల్లో, సేవలోని ఏ దశలో మరణాలు పెరుగుతున్నాయని అడగడం ఆయనతో మొదలయింది.

యుద్ధం, వడపోత

ఆత్మహత్యలు పెరగడానికి యుద్ధమే కారణమన్నది సామాన్యంగా వినిపించే అభిప్రాయం. 1819 నుంచి 2017 వరకు అమెరికా సైనిక రికార్డులను కూర్చి చరిత్రకారులు, మనస్తత్వవేత్తలు కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు భిన్నమైన చిత్రాన్ని చూపింది. నమోదైన అత్యధిక రేటు యుద్ధకాలానిది కాదు. 1883లో, చిన్న సైన్యం పశ్చిమ సరిహద్దుల్లోని ఒంటరి కోటల్లో కాలం గడుపుతున్న రోజుల్లో, లక్షకు 118.3గా అది నమోదయింది. అత్యల్ప రేటు రెండో ప్రపంచ యుద్ధం పతాక స్థాయిలో ఉన్న 1944–45లో లక్షకు సుమారు 5. అంతర్యుద్ధం నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా పోరాటం సాగిన కాలంలో రేటు తగ్గడం ఒక క్రమంగా కనిపించినా, ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల కాలంలో అది తలకిందులై, 2008లో 20.2కు, 2012లో 29.7కు పెరిగింది. ఉమ్మడి లక్ష్యం మనుషులను దగ్గర చేస్తుందన్న వివరణ పాత యుద్ధాలకు కొంత సరిపోతుంది గానీ, పోరాట మరణాల మధ్య ఆత్మహత్యలను వేరుగా గుర్తించడం కష్టం కాబట్టి, యుద్ధకాలపు తక్కువ అంకెలను జాగ్రత్తగానే చదవాలి.

తప్పు మనిషిలోనే ఉందన్న నమ్మకానికి అతిపెద్ద పరీక్ష కూడా రెండో ప్రపంచ యుద్ధంలోనే జరిగింది. బలహీనమైన మనస్తత్వం గలవారిని భర్తీ సమయంలోనే ఏరివేస్తే మానసిక సమస్యలు ఉండవన్న ఆశతో అమెరికా సైన్యం 15 లక్షలకు పైగా మందిని మానసిక కారణాలతో తిరస్కరించింది. అయినా మానసికంగా కుంగి ఆసుపత్రి పాలైన సైనికుల సంఖ్య మొదటి ప్రపంచ యుద్ధం నాటి కన్నా ఎక్కువే అయింది. ఒకసారి తిరస్కరించి తర్వాత చేర్చుకున్నవారిని యుద్ధానంతరం పరిశీలిస్తే, వారిలో అత్యధికులు తృప్తికరంగానే సేవ చేసినట్లు తేలింది.

మరణించినవారి మనసును చదవడం

ఒక్కొక్క మరణాన్ని లోతుగా పరిశీలించే పద్ధతి మాజీ సైనికుల ఆసుపత్రితో సంబంధం ఉన్న ఒక పని నుంచి పుట్టింది. లాస్ ఏంజెలస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేస్తున్న మనస్తత్వవేత్త ఎడ్విన్ ష్నైడ్‌మన్, ఆత్మహత్య చేసుకున్న ఇద్దరు మాజీ సైనికుల భార్యలకు సానుభూతి లేఖలు రాసే బాధ్యత మీద 1949లో కరోనర్ కార్యాలయానికి వెళ్ళి, అక్కడ భద్రపరిచిన వందలాది ఆత్మహత్య లేఖలను చూశాడు. అనుమానాస్పద మరణాలపై చట్టబద్ధంగా విచారణ జరిపే అధికారిని కరోనర్ అంటారు. నార్మన్ ఫార్బెరో, రాబర్ట్ లిట్‌మన్‌లతో కలిసి ష్నైడ్‌మన్ 1958లో ఆత్మహత్యల నివారణ కేంద్రాన్ని స్థాపించాక, మరణం ప్రమాదమా, ఆత్మహత్యా అని తేల్చలేని సందర్భాల్లో కరోనర్ ఆ కేంద్రం సాయం కోరసాగాడు. మృతుడి బంధుమిత్రులను, సహోద్యోగులను కలిసి, వైద్య రికార్డులను చదివి, చివరి రోజుల్లో అతని మనఃస్థితిని పునర్నిర్మించే ఈ పద్ధతికి సైకలాజికల్ అటాప్సీ, అంటే మనసుకు జరిపే శవపరీక్ష, అని పేరు వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికా సైనిక విభాగాలు దీన్ని అందిపుచ్చుకున్నాయి.

ఈ సాధనం ఎంత ప్రమాదకరంగా మారగలదో 1989లో బయటపడింది. ఏప్రిల్ 19న అమెరికా యుద్ధనౌక అయోవాలోని ఒక ఫిరంగి గోపురంలో పేలుడు సంభవించి 47 మంది నావికులు మరణించారు. వారిలో ఒకడు ఆత్మహత్యోద్దేశంతో కావాలనే పేలుడు జరిపి ఉంటాడని నౌకాదళ విచారణ తేల్చింది. అందుకు ఊతంగా నిలిచింది ఎఫ్‌బీఐ నిపుణులు రాసిన మనస్తత్వ విశ్లేషణ. అది వారు స్వయంగా సాక్షులను కలిసి తయారుచేసినది కాదు, నౌకాదళం అందించిన పత్రాల మీద ఆధారపడినది. ప్రతినిధుల సభ కమిటీ కోరిక మీద అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన నిపుణుల్లో అధికులు ఆ విశ్లేషణను తప్పుబట్టారు. మందుగుండు సంచులను ఫిరంగిలోకి అతివేగంగా నెట్టినా పేలుడు సంభవించవచ్చని శాండియా జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు చూపించడంతో, 1991 అక్టోబరులో నౌకాదళాధిపతి అడ్మిరల్ ఫ్రాంక్ కెల్సో ఆ నావికుడి మీద మోపిన నింద నిరూపితం కాలేదని ప్రకటించి, అతని కుటుంబానికి విచారం తెలిపాడు. నిర్ధారణ ముందే కుదిరిపోయాక, మృతుడి జీవితంలోని ప్రతి మామూలు సంఘటనా దానికి సాక్ష్యంగా కనిపించే ప్రమాదం ఉంటుంది. ఆ మరణంలో తనకూ బాధ్యత ఉండగల సంస్థే విచారణ జరిపితే ఆ ప్రమాదం రెట్టింపవుతుంది.

పదహారు లక్షల రికార్డులు

2008లో అమెరికా సైన్యంలోని ఆత్మహత్య రేటు, వయసూ లింగమూ సరిపోల్చిన పౌరుల రేటును దాటింది. ఆ ఏడాదే అన్ని సైనిక విభాగాలకూ ఒకే నమూనా నివేదిక అమలులోకి వచ్చి, ప్రతి మరణానికీ ముందున్న చికిత్స, కుటుంబ సంబంధాలు, అప్పులు, శాఖాపరమైన చర్యలు నమోదు కాసాగాయి. అయితే ఈ నివేదికలు చనిపోయినవారి గురించి మాత్రమే చెబుతాయి. అవే కష్టాలతో బతికి ఉన్నవారు ఎందరో తెలియనప్పుడు ఏ కష్టం ప్రమాదాన్ని నిజంగా పెంచుతుందో తేల్చలేం.

ఆ లోటు తీర్చడానికి సైన్యం, జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ కలిసి ఆర్మీ స్టార్స్ అనే బృహత్తర అధ్యయనాన్ని చేపట్టాయి. రాబర్ట్ ఉర్సానో, మర్రే స్టీన్, రొనాల్డ్ కెస్లర్ వంటి శాస్త్రవేత్తలు 2004–2009 మధ్య సేవలో ఉన్న 16 లక్షలకు పైగా సైనికుల రికార్డులను అనుసంధానించి పరిశీలించారు. ఆ కాలంలో యుద్ధానికి వెళ్ళినవారిలోనే గాక, ఎన్నడూ వెళ్ళనివారిలో కూడా రేటు పెరిగిందని తేలింది. అమెరికా సైనికులను ఏళ్ళ తరబడి పరిశీలిస్తూ వచ్చిన మిలీనియం కోహార్ట్ అధ్యయనం 2013లో వెలువరించిన ఫలితాల్లో కూడా యుద్ధభూమి అనుభవానికీ ఆత్మహత్యకూ నేరుగా సంబంధం కనిపించలేదు. కుంగుబాటు, ఉన్మాద-విషాద చక్రంగా సాగే బైపోలార్ వ్యాధి, మద్యం సమస్యలతో మాత్రం కనిపించింది. యుద్ధానికి వెళ్ళని సైనికుల్లో ఆత్మహత్యాయత్నాల ప్రమాదం సేవలో చేరిన రెండో నెలలో అత్యధికమని, యుద్ధం నుంచి తిరిగి వచ్చినవారిలో అయిదో నెలలో ఎక్కువని స్టార్స్ గుర్తించింది. సేవాకాలంతోపాటు ప్రమాదం పెరుగుతుందన్న డర్క్‌హైమ్ చిత్రానికి ఇది పూర్తిగా వేరు.

ప్రమాదంలో ఉన్నవారిని ముందే గుర్తించడం ఎందుకు కష్టమో ఒక లెక్కతో అర్థమవుతుంది. లక్ష మందిలో ఏడాదికి 20 మరణాలు జరుగుతాయనుకుందాం. ఆ 20 మందిలో 18 మందిని పట్టుకుని, మిగతావారిలో నూటికి పదిమందిని మాత్రమే పొరపాటుగా అనుమానించే మంచి పరీక్ష ఉన్నా, అది దాదాపు పదివేల మందిని అనుమానితులుగా చూపుతుంది. వారిలో నిజంగా ప్రమాదంలో ఉన్నది 18 మందే. అందువల్ల కెస్లర్ బృందం సైన్యమంతటినీ వదిలి, మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయిన సుమారు 40 వేల మంది మీద దృష్టి పెట్టింది. వారి రేటు లక్షకు 263.9, సైన్యం మొత్తం మీద రేటు 18.5. కంప్యూటర్ నమూనా అత్యధిక ప్రమాదమని చూపిన 5 శాతం డిశ్చార్జీల తర్వాతే, ఏడాదిలోపు జరిగిన ఆత్మహత్యల్లో 52.9 శాతం సంభవించాయి. ఆసుపత్రి గడప దాటిన తర్వాతి నెలల్లో ఎవరిని ఎక్కువగా కనిపెట్టుకుని ఉండాలో దీనివల్ల తేలింది.

నివారణలో రుజువైనవి

అమెరికా వైమానిక దళం 1996 నుంచి, ఆత్మహత్యల నివారణను వైద్యుల పనిగా మాత్రమే చూడకుండా కమాండర్లందరి బాధ్యతగా మార్చి, సాయం కోరినవారి ఉద్యోగానికి భంగం కలగకుండా చూసే కార్యక్రమాన్ని అమలుచేసింది. ఆ తర్వాత ఆత్మహత్య ప్రమాదం 33 శాతం తగ్గినట్లు కెర్రీ నాక్స్ బృందం 2003లో ప్రకటించింది. 2004లో అమలు సడలినప్పుడు రేటు మళ్ళీ పెరగడం కూడా గమనార్హం. ఇజ్రాయెల్ సైన్యం 2006లో వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్ళే సైనికులు ఆయుధాలను స్థావరంలోనే వదిలి వెళ్ళాలని నియమం పెట్టాక ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. తగ్గుదల వారాంతాల్లోనే కనిపించింది, పనిదినాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ప్రాణం తీసుకోవాలన్న తీవ్రమైన ఆలోచన చాలామందిలో కొద్ది సమయమే నిలుస్తుందని, ఆ గడియ దాటితే ప్రాణం దక్కుతుందని ఈ ఫలితం చెబుతోంది.

కుటుంబాల పోరాటం

ఈ చరిత్రలో చివరి మార్పును తెచ్చింది శాస్త్రవేత్తలు కాదు, మృతుల తల్లిదండ్రులు. ఇంగ్లండులోని డీప్‌కట్ శిక్షణ శిబిరంలో 1995–2002 మధ్య నలుగురు యువ సైనికులు మరణించినప్పుడు, తొలి విచారణలు హడావుడిగా ముగిశాయి. కుటుంబాల ఒత్తిడితో న్యాయవాది నికొలాస్ బ్లేక్ 2006లో సమీక్షా నివేదిక ఇచ్చాడు. 2016–2019 మధ్య మూడు మరణాలపై కరోనర్ల సమక్షంలో కొత్త విచారణలు జరిగాయి. మూడింటిలోనూ ఆత్మహత్య అనే తేలినా, శిబిరంలోని వేధింపులు, పర్యవేక్షణ లోపాలు, తొలి దర్యాప్తు వైఫల్యాలు బహిరంగంగా రికార్డుకెక్కాయి. మరణం ఎలా జరిగిందన్న ప్రశ్నకు జవాబు దొరికినా, అది జరగడానికి వీలు కల్పించిన పరిస్థితుల బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుందని ఆ విచారణలు స్థిరపరిచాయి.

ఆస్ట్రేలియా ఇంకా ముందుకు వెళ్ళి 2021 జులైలో రాయల్ కమిషన్‌ను నియమించింది. అప్పటికే ఈ విషయం మీద 50కి పైగా విచారణలు జరిగి, 750కి పైగా సిఫార్సులు వచ్చాయని, వాటిలో చాలా వాటికి అతీగతీ లేదని కమిషన్ తన మధ్యంతర నివేదికలో ఎత్తిచూపింది. 2024 సెప్టెంబరులో సమర్పించిన ఏడు సంపుటాల తుది నివేదిక ప్రకారం 1997–2021 మధ్య ఆత్మహత్యతో మరణించిన సైనికులు, మాజీ సైనికులు కనీసం 1,677 మంది. సేవ వదిలి వెళ్ళినవారిలో ప్రమాదం ఎక్కువని గుర్తించిన కమిషన్ మొత్తం 122 సిఫార్సులు చేసి, వాటి అమలును పర్యవేక్షించడానికి సైన్యంతో సంబంధం లేని శాశ్వత సంస్థ ఉండాలని కోరింది.

భారతదేశంలో

మన దేశంలో సైనికుడి అసహజ మరణంపై రెండు విచారణలు జరుగుతాయి: పౌర పోలీసుల శవపంచనామా ఒకటి, 1954 నాటి ఆర్మీ నియమాల కింద జరిపే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ మరొకటి. ఈ రెండోది సైన్యానికి చెందినవారే సభ్యులుగా గల అంతర్గత విచారణ. 1950 నాటి ఆర్మీ చట్టం 64వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పేర్కొంది. అదే సమయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే ప్రాథమికంగా భావించి చికిత్స అందించాలని చెబుతోంది. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2008లోనే సాయుధ దళాల్లో ఒత్తిడి నివారణ మీద ప్రత్యేక నివేదిక ఇచ్చింది. హోంశాఖ కింద పనిచేసే కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 2018–2022 మధ్య 654 మంది ఆత్మహత్య చేసుకున్నట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఇలాంటి జవాబుల్లో సాధారణంగా కనిపించే కారణం ఇంటి సమస్యలు. అవి నిజమే కావచ్చు గానీ, అవే సమస్యలున్న మిగతా జవాన్లతో పోల్చి చూసే అధ్యయనం, సెలవు, బదిలీ, పై అధికారి ప్రవర్తన వంటి అంశాలను కూడా లెక్కలోకి తీసుకునే విచారణ లేకుండా వాటినే అసలు కారణంగా స్థిరపరచడం శాస్త్రీయం కాదు.

కాబట్టి, ఇతర దేశాలు రెండు శతాబ్దాల్లో నేర్చుకున్నది భారత విచారణ పద్ధతిలోకి రావాలి: రేట్లను ఏటా ప్రచురించాలి, మరణించినవారిని బతికున్నవారితో పోల్చే అధ్యయనాలను బయటి శాస్త్రవేత్తలకు అప్పగించాలి, విచారణలో కుటుంబానికి చోటు కల్పించాలి, సాయం అడిగిన జవాను ఉద్యోగానికి రక్షణ ఉండాలి. ఈలోగా సాయం కావలసినవారికి కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో తెలుగుతో సహా పలు భాషల్లో రాత్రింబవళ్ళు ఉచితంగా అందుతోంది. సైనికులకూ వారి కుటుంబాలకూ పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరు నుంచి దాని ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. బ్యారక్‌లో గానీ, సెలవుకు వచ్చిన ఊరిలో గానీ ఏ సైనికుడైనా బతుకు మీద ఆశ వదిలినట్లు మాట్లాడితే, ఆ మాటను పిరికితనంగా కొట్టిపారేయకుండా, అతన్ని ఒంటరిగా వదలకుండా, ఆ నంబరుకు ఫోన్ చేయించడం దగ్గర ఉన్నవారందరి బాధ్యత.